పెండ్లి క్యాసెట్‌లో మిగిలిన ఊరు

సిరిసిల్ల దగ్గర మిడ్ మానేరు జలాశయం కట్టినప్పుడు కొదురుపాక, అనుపురం, రుద్రవరం లాంటి ఊళ్లు మునిగాయి. అక్కడివాళ్లు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉంటున్నారు. పాత ఊరు ఎట్లుండేదో పిల్లలకు చూపించాలంటే కొన్ని ఇళ్లలో మిగిలిన ఆధారం ఒక పెండ్లి క్యాసెట్. తీసిన వీడియోగ్రాఫర్ ఊరిని తీయాలనుకోలేదు, బారాత్ తీశాడు. బారాత్ నడిచింది ఊళ్లోంచే కాబట్టి వెనకాల పోచమ్మ గుడి, చింతచెట్టు, కచ్చీరు అరుగు, ఎవరి దర్వాజ ముందు ఎవరు నిలబడ్డారో అన్నీ అందులో పడ్డాయి.

1982 ఆసియా క్రీడలప్పుడు మన దేశానికి కలర్ టీవీ వచ్చింది. ఆ తర్వాతే వీడియో క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌లు ఊపందుకున్నాయి. సిరిసిల్ల, జగిత్యాల వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు వెంట తెచ్చేవాళ్లు. లేనివాళ్లు కిరాయికి తెచ్చుకుంటే వాడకట్టంతా కూర్చొని తెల్లారేదాకా సినిమాలు చూసేది. లగ్గం అయిన కొన్నాళ్లకు స్టూడియో నుంచి మిక్సింగ్ చేసిన క్యాసెట్ వచ్చేది. దాని కాపీ ఇంకొకటి దుబాయ్‌లో ఉన్న అన్నకు పోయేది. ఆ క్యాసెట్లే ఇప్పుడు బీరువాల అడుగున, సజ్జల మీద పడి ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మిగిలిన టైమ్ చాలా తక్కువ. ఎందుకో తెలియాలంటే లోపల ఏముందో చూడాలి.

ఈ క్యాసెట్లు నడిచే వీహెచ్‌ఎస్ పద్ధతిని 1976లో జపాన్ కంపెనీ జేవీసీ తెచ్చింది. టేపు అర అంగుళం వెడల్పున్న పలుచని పాలిస్టర్ పట్టీ. దానికి ఒక పక్క ఇనుప ఆక్సైడ్ రేణువులను ఒక రకం ప్లాస్టిక్ జిగురుతో కలిపి పూస్తారు. మూడు గంటల టేపు పొడవు 250 మీటర్ల చిల్లర, అది సెకనుకు 2.3 సెంటీమీటర్లే కదులుతుంది. బొమ్మ అంటే సెకనుకు లక్షల హెచ్చుతగ్గులున్న సిగ్నల్. ఇంత మెల్లగా నడిచే టేపు మీద అది పట్టదు. అందుకని టేపును నిదానంగానే నడిపి, దాని మీద సిగ్నల్ రాసే, చదివే హెడ్‌ను ఉరికించారు. వీసీఆర్ లోపల 62 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. దాని అంచున ఎదురెదురుగా రెండు హెడ్లు ఉంటాయి. వాలుగా అమర్చిన ఆ డ్రమ్మును చుట్టుకొని టేపు పోతుంటే, హెడ్లు దాని మీద ఏటవాలు గీతలుగా అయస్కాంత ముద్రలు వేస్తాయి. ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు. సెకనుకు 50 గీతల చొప్పున మూడు గంటల్లో 5,40,000 గీతలు. అన్నిటినీ వరసగా చేర్చి పెడితే 52 కిలోమీటర్లు, హన్మకొండ నుంచి దాదాపు జనగామ దాకా.

సినిమా రీలును వెలుతురుకు పట్టి చూస్తే బొమ్మ కనిపిస్తుంది. టేపును ఎట్లా తిప్పి చూసినా గోధుమ రంగే. 49 మైక్రాన్ల గీత మీద తప్పకుండా నడిచే హెడ్ ఉంటేనే అందులో బొమ్మ ఉన్నట్టు. అందుకే నాకు టేపు కన్నా యంత్రం గురించే ఎక్కువ టెన్షన్. టేపు సరిగ్గా దాస్తే ఇంకొన్నేళ్లు మన్నుతుంది, యంత్రం మన్నేలా లేదు. చివరిదాకా వీసీఆర్‌లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో తయారీ ఆపేసింది. ఉన్నవాటిలో రబ్బరు బెల్టులు సాగిపోయాయి, టేపును నొక్కి లాగే రోలర్లు గట్టిపడ్డాయి, హెడ్లు అరిగాయి. వాటి లోపలి సంగతి తెలిసిన మెకానిక్‌లు చాలామంది ఎప్పుడో సెల్‌ఫోన్ రిపేర్లకు మారారు. 2019లో యునెస్కో, సౌండ్ ఆర్కైవ్‌ల అంతర్జాతీయ సంఘం కలిసి ప్రపంచంలోని ఆర్కైవ్‌లను హెచ్చరించాయి. టేపులు ఆడించే యంత్రాలు 2025 ప్రాంతానికి దొరకడం కష్టమవుతుందని అప్పుడే చెప్పాయి.

టేపుకు అసలు శత్రువు తేమ. రేణువులను పట్టి ఉంచే జిగురు పాలీయురేథేన్. గాలిలోని నీటి అణువులు దాని బంధాలను కొద్దికొద్దిగా తెంపుతాయి. జిగురు మెత్తబడి బంకలాగ అవుతుంది. అట్లాంటి టేపును ఆడిస్తే హెడ్‌కు అంటుకొని కీచుమంటుంది, పొడి రాలి హెడ్ మూసుకుపోతుంది. రాలిన ఆ పొడిలోనే మీ వీడియో ఉంది. వేడి ఎక్కువైతే ఈ రసాయన చర్య ఇంకా తొందరగా జరుగుతుంది. మే నెలలో స్లాబ్ కింద సజ్జ ఎంత కాలుతుందో, వానకాలంలో అదే సజ్జ ఎంత చెమ్మపడుతుందో మన దగ్గర అందరికీ తెలుసు. బంకపడ్డ టేపును ల్యాబుల్లో 50 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ వేడిచేసి కొన్నాళ్లపాటు ఆడేలా చేస్తారు. ఇంట్లో ఓవెన్‌తో ఆ పని అస్సలు చేయకండి.

చెమ్మకు బూజు కూడా పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. పక్కనున్న చిన్న మీట నొక్కితే ముందు మూత లేస్తుంది, అక్కడ టేపు అంచును కూడా చూడండి. తెల్లగా నూగులాగ ఉంటే దాన్ని వీసీఆర్‌లో పెట్టొద్దు. పెడితే టేపు నలుగుతుంది, బూజు హెడ్లకు అంటి తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. 2023 జులై వానలకు వరంగల్ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మొత్తం మునిగింది. అట్లా తడిసిన క్యాసెట్‌ను ఎండలో ఆరబెడితే బురద టేపు పొరల మధ్య గట్టిపడి ఊడిరాదు. మంచినీళ్లతో, దొరికితే డిస్టిల్డ్ వాటర్‌తో బురద కడిగి, నీడలో మామూలు గాలికి ఆరనిచ్చి, ఆడించకుండా తెలిసినవాళ్ల చేతికి ఇవ్వాలి.

ఇక ఎక్కించే పని. రెండువైపుల వియ్యంకుల ఇళ్లలో రెండు కాపీలుంటే రెండూ అడిగి తెప్పించుకోండి. అప్పట్లో మిక్సింగ్ అంటే ఒక టేపు నుంచి ఇంకో టేపుకు కాపీ చేయడమే. కాపీ చేసిన ప్రతిసారీ బొమ్మ కొంత అలుక్కుపోతుంది. స్టూడియోలో మొదట తయారైంది ఎవరింట్లో ఉంటే అదే మేలు. ఆడించే ముందు క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిచేయండి, పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా ఏమీ చెరిగిపోదు. తర్వాత ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పితే, ఏళ్లుగా ఒకే తీరుగా ఉన్న చుట్ట బిగువు సమానమవుతుంది.

వీసీఆర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య చాలామంది చవక యూఎస్‌బీ పరికరం పెడతారు. అసలు చిక్కు అక్కడే. మన టీవీ పద్ధతిలో ఒక ఫ్రేముకు, అంటే ఒక బొమ్మకు, 625 అడ్డగీతలు, ఒక్కో గీతకు సరిగ్గా 64 మైక్రోసెకన్లు. ఇవి టేపు మీది ఏటవాలు గీతలు కావు, తెర మీద బొమ్మను గీసేవి. పాత టేపు కొంచెం సాగి ఉంటుంది, డ్రమ్ము వేగం కూడా అటూఇటూ ఊగుతుంది. దాంతో ఒక గీత తొందరగా, ఒక గీత ఆలస్యంగా వస్తుంది. పాత టీవీ దీన్ని సర్దుకుపోయేది. డిజిటల్ పరికరం సర్దుకోదు. నిలువు దర్వాజలు పాముల్లాగ వంకర్లు తిరుగుతాయి, ఫ్రేములు ఊడిపోతాయి, కాసేపటికి పంతులుగారి పెదవులకూ మంత్రాలకూ పొంతన ఉండదు. దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్ (టీబీసీ) అనే పరికరం. వచ్చిన గీతలను మెమరీలో పట్టుకొని గడియారం ప్రకారం ఒక్కొక్కటే వదులుతుంది. వీహెచ్‌ఎస్‌లోనే మెరుగైన రకమైన ఎస్-వీహెచ్‌ఎస్ వీసీఆర్‌లు కొన్నింటిలో ఇది లోపలే ఉంటుంది. పని ఎవరికైనా అప్పజెప్పేటప్పుడు మొదట అడగాల్సింది ఇదే: “టీబీసీ ఉందా అన్నా?”

రెండోది మరీ బాధ కలిగించే నష్టం. వీహెచ్‌ఎస్‌లో సెకనుకు 25 ఫ్రేములున్నా, ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా, వేర్వేరు క్షణాల్లో పట్టింది. అంటే సెకనుకు 50 క్షణాలు. చాలా చోట్ల రెండు సగాలనూ కలిపేసి 25గా ఇస్తారు. అప్పుడు బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ల చేతులు చప్పట్ల దగ్గర దువ్వెన పళ్లలాగ చీలిపోయి కనిపిస్తాయి, లేదంటే కదలిక కుదుపుగా వస్తుంది. ఆ 50 క్షణాలనూ ఉంచి మార్చితే నడుము వంచడం, చేయి తిప్పడం, అడుగు వేయడం అప్పట్లో చూసినంత సాఫీగా ఉంటాయి. మనవరాలికి నానమ్మ ఆడిన తీరు తెలిసేది ఆ కదలికలోనే.

మొదటి కాపీని నష్టం లేని ఫార్మాట్‌లో, ఎఫ్‌ఎఫ్‌వీ1 లాంటి దానిలో ఉంచుకోండి. 720×576 పిక్సెళ్ల సైజులో అసలేమీ కుదించకపోతే గంటకు సుమారు 75 జీబీ అవుతుంది, ఈ పద్ధతిలో సగానికన్నా తక్కువకు దిగుతుంది. హార్డ్ డిస్కుల ధరలు చూస్తే ఇది భారం కాదు. వాట్సాప్‌లో పంపడానికి చిన్న ఎంపీ4 వేరే చేసుకోవచ్చు. తర్వాత వచ్చిన చిన్న మినీడీవీ క్యాసెట్ల సంగతి తేలిక. వాటిలో ఉన్నది ముందే డిజిటల్ కాబట్టి ఫైర్‌వైర్ తీగతో ఉన్నదున్నట్టు దింపుకోవాలి, టీవీకి పెట్టే పసుపు వీడియో తీగతో కాదు.

“మాది పదిహేనేళ్ల కిందే సీడీ చేయించినం” అని క్యాసెట్ పారేసేవాళ్లకు మాత్రం గట్టిగా చెబుతాను, పారేయొద్దు. ఆ సీడీ, అంటే వీసీడీ, సైజు 352×288 మాత్రమే, టేపులో ఉన్న అడ్డగీతల్లో సగం, కదలికలో సగం అందులో లేవు. ఏఐతో 4కే చేసిస్తామనేవాళ్ల దగ్గర కూడా జాగ్రత్త. మసకగా ఉన్న ముఖాన్ని ఆ సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. చర్మం నున్నగా వస్తుంది, కానీ ఆ ముఖం మీ తాతది కాకుండా పోవచ్చు. సరదాకు చేయించుకున్నా అసలు ఫైలు పక్కన భద్రంగా ఉండాలి.

ఫైలు చేతికొచ్చాక రెండు డిస్కుల్లో పెట్టి ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర ఉంచండి. ఆ వారంలోనే ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి బారాత్ భాగం ఆపుకుంటూ చూపించండి. ఏ నిమిషంలో ఏ ఇల్లు, ఆ అరుగు మీద ఎవరు, బ్యాండు ఏ ఊరిదో వాళ్లు చెబుతుంటే టైమ్‌తో సహా ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి, వీడియో ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి.