కొత్త అల్లుడి నుంచి నాలుగు అక్షరాల దాకా: వ్యక్తిత్వ పరీక్షల వెనుక కథ

భీమవరంలోనో అమలాపురంలోనో ఒక సంబంధం గురించి మాట్లాడుకునేటప్పుడు జాతకం, జీతం, వీసాతో పాటు ఇప్పుడు నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు కూడా వినిపిస్తున్నాయి. అబ్బాయి ఐఎన్‌టీజే అట, అమ్మాయి ఈఎస్ఎఫ్‌పీ అట. మయర్స్-బ్రిగ్స్ (ఎంబీటీఐ) అనే వ్యక్తిత్వ పరీక్ష మనుషులకు ఇచ్చే రకాల పేర్లివి, ఒక్కో అక్షరం స్వభావంలో ఒక్కో పక్షాన్ని చెబుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసుకునే ఇద్దరూ ఫోన్‌లో కాసేపు ప్రశ్నలకు జవాబులు నొక్కి, వచ్చిన ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఒకరికొకరు పంపుకుంటారు. "మన టైపులు కలవవేమో" అన్న టెన్షన్ అక్కడే మొదలవుతుంది. ఇదేమిటో పెద్దవాళ్లకు తెలియదు, ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు తెలియదు. ఈ పరీక్షలను ఎవరు, ఏ అవసరం కోసం తయారుచేశారో తెలిస్తే, వాటిని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవచ్చు.

మనుషులను స్వభావాన్ని బట్టి రకాలుగా విడదీసి, పెళ్లికి కుదురుతారో లేదో చూడటం మనకు పాత అలవాటే. జాతక పొంతనలో 27 నక్షత్రాలను తొమ్మిదేసి చొప్పున దేవ, మనుష్య, రాక్షస గణాలుగా పంచారు. ఎనిమిది కూటాలకూ కలిపి 36 గుణాలైతే అందులో గణానికి 6. మొత్తం 18 వస్తే ఫర్వాలేదంటారు. మఖ, చిత్త, విశాఖ నక్షత్రాల్లో పుట్టిన పిల్ల ఎంత నెమ్మదస్తురాలైనా లెక్కలో రాక్షస గణమే. ఆ ఒక్క ముక్క వల్ల సంబంధాలు తప్పిపోయి బాధపడిన ఆడపిల్లలు మనందరికీ తెలుసు. నీ స్వభావం ఎలాంటిదమ్మా అని వాళ్లను కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు.

అయితే పెద్దలు ఒక్క జాతకాన్నే నమ్ముకోలేదు, వాకబు కూడా చేసేవారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక డెల్టా అంతటా కాలువలు పారాయి. వాటి మీద పడవలు తిరిగాయి, గట్ల వెంబడి ఊళ్ల మధ్య రాకపోకలు పెరిగాయి. సంబంధాలు చాలావరకు ఆ చుట్టుపక్కలే కుదిరేవి. పాలకొల్లులో అబ్బాయి ఉంటే నరసాపురంలో ఎవరో ఒక చుట్టం అతన్ని ఎరిగే ఉండేవాడు. "కుర్రాడికి ముక్కు మీద కోపమటగా?", "పిల్ల కలుపుగోలుగా ఉంటుందా అండి?" అని ఇరుగుపొరుగును, చదువు చెప్పిన మాస్టారిని అడిగేవారు. ఈ వాకబులో అన్యాయమూ ఉంది. గట్టిగా నవ్వే పిల్ల గురించి ఎవరో ఒక మాట అంటే ఆ సంబంధం పోయేది. కానీ ఒక మనిషిని ఏళ్ల తరబడి చూసినవాళ్లను అడగడం అన్న పద్ధతిలో గొప్ప తెలివి ఉందని నా నమ్మకం. దాని సంగతి మళ్లీ చెబుతాను.

ఆ వాకబు గొలుసు ఇప్పుడు తెగిపోయింది. పదో తరగతి అవగానే హాస్టల్‌కు, ఆ తర్వాత ఇంజినీరింగ్‌కు, అటు నుంచి హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోయిన కుర్రాడి కోపతాపాలు ఊళ్లో ఎవరికి తెలుస్తాయి? తల్లిదండ్రులకే పూర్తిగా తెలియవు. ఆ ఖాళీలోకే ఈ పరీక్షలు వచ్చాయి.

ఇవి పుట్టింది యుద్ధ కాలంలో. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మోతకు మానసికంగా కుప్పకూలిపోతున్న సైనికులను చూసి, అలాంటి ప్రమాదం ఉన్నవాళ్లను ముందే పట్టుకోవాలని అమెరికా సైన్యం అనుకుంది. రాబర్ట్ వుడ్‌వర్త్ అనే మనస్తత్వవేత్త అవును, కాదు అని జవాబు చెప్పే 116 ప్రశ్నల పత్రం తయారుచేశారు. అది సిద్ధమయ్యేసరికి యుద్ధం అయిపోయింది కానీ, ప్రశ్నపత్రంతో మనిషి మనసును కొలవవచ్చన్న ఆలోచన నిలిచిపోయింది. 1943లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎంఎంపీఐ అనే ప్రశ్నపత్రం ఆసుపత్రుల్లో మానసిక రుగ్మతలను గుర్తించడానికి తయారైంది. మన సైన్యంలో ఆఫీసర్ కావాలంటే నేటికీ ఎస్ఎస్‌బీ అనే ఎంపిక బోర్డు ముందు బొమ్మ చూసి కథ రాయాలి, మాట చూడగానే తోచిన వాక్యం రాయాలి. ఇవన్నీ ఒక సంస్థ తన అవసరం కోసం మనుషులను ఏరుకునే పద్ధతులు.

నాలుగు అక్షరాల పరీక్ష మాత్రం ఒక ఇంట్లో మొదలైంది. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే ఆవిడ కూతురు ఇసబెల్ 1918లో క్లారెన్స్ మయర్స్‌ను పెళ్లి చేసుకుంది. కాబోయే అల్లుడి ఆలోచనా తీరు తమ ఇంటి తీరుకు పూర్తిగా వేరుగా ఉండటం ఆ అత్తగారిని ఆలోచనలో పడేసింది. మనుషులు ఎందుకు ఇంత వేరువేరుగా ఉంటారని చదవడం మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్ వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో రాసిన మానసిక రకాల గ్రంథం 1923లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అంతర్ముఖులు, బహిర్ముఖులు అన్న అందులోని విభజన ఆమె ఆలోచనకు దారి చూపింది. సంక్రాంతికి కొత్త అల్లుడికి అన్ని పిండివంటలు వడ్డించే మన గోదావరి అత్తగార్లకు ఈ కథ చెప్పాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. అప్పటికే ఇంట్లోకి వస్తున్న మనిషిని అర్థం చేసుకోవాలని ఆమె తాపత్రయపడింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఫ్యాక్టరీ పనుల్లోకి వస్తున్నప్పుడు, ఎవరికి ఏ పని నప్పుతుందో చెప్పడానికి ఇసబెల్ దీన్ని ప్రశ్నపత్రంగా మార్చింది. తల్లీకూతుళ్లలో ఎవరూ మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ చదవలేదు. 1962లో దాన్ని ఒక పరీక్షల సంస్థ ప్రచురించింది, తర్వాత కంపెనీల ట్రైనింగుల ద్వారా ప్రపంచమంతా పాకింది. దాని లోపం కూడా పెద్దదే. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి ఏదో ఒక అక్షరం మారిపోతుంది. మనుషుల్లో ఎక్కువమంది అంతర్ముఖి, బహిర్ముఖి లాంటి రెండు కొసలకూ మధ్యలో ఉంటారు. పరీక్ష మాత్రం గీత గీసి ఇటో అటో నెట్టేస్తుంది. ఉద్యోగాల ఎంపికకు దీన్ని వాడకూడదని ఇప్పుడు దాన్ని అమ్మే సంస్థే చెబుతోంది.

మరి ఫలితం చదవగానే "అచ్చం నా గురించే" అని ఎందుకు అనిపిస్తుంది? 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త తన క్లాసులో 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ విడిగా ఫలితం అని కాగితం ఇచ్చారు. ఎంత బాగా సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే పేరా. బజారులో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి తీసిన వాక్యాలవి. చిలక తీసిన కార్డు ఎవరికి చదివినా సరిపోయినట్టే అనిపించడానికీ ఇదే కారణం.

పరిశోధకులు ఎక్కువగా నమ్మేది వేరే పద్ధతిని. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లిష్ నిఘంటువులోంచి మనుషుల తీరును చెప్పే సుమారు 18,000 మాటలను ఏరారు. తర్వాతి దశాబ్దాల్లో పలువురు వాటిని వడపోసి ఐదు కొలతలకు తెచ్చారు: కొత్తదనం మీద ఆసక్తి, బాధ్యతగా ఉండటం, నలుగురిలో కలవడం, మెతకదనం, ఆందోళన. ఇందులో రకాలు ఉండవు, ఒక్కోదాంట్లో ఎంత పాలు ఉందో చూస్తారు. వయసుతో పాటు ఈ పాళ్లు కొంత మారతాయి కూడా.

పెళ్లి విషయానికి వస్తే, లోవెల్ కెల్లీ అనే అమెరికా మనస్తత్వవేత్త 1930ల్లో నిశ్చితార్థం అయిన 300 జంటల వివరాలు సేకరించి, దశాబ్దాల పాటు వాళ్లను గమనించారు. ఒక్కొక్కరి స్వభావానికి వాళ్ల పరిచయస్తులతో మార్కులు వేయించారు. అంటే వాకబే! 1987లో వచ్చిన ఫలితాల్లో, ఇద్దరిలో ఎవరికైనా ఆందోళన, చిరాకు ఎక్కువగా ఉండటం, మగవాడికి తన మీద తనకు అదుపు లేకపోవడం కాపురాన్ని ఎక్కువగా దెబ్బతీశాయని తేలింది. 2010లో ఆస్ట్రేలియా, బ్రిటన్, జర్మనీ దంపతుల సమాచారాన్ని పరిశీలించినవాళ్లకు కనిపించింది కూడా ఇలాంటిదే. ఇద్దరి స్వభావాలు ఒకేలా ఉన్నాయా లేదా అన్నది తృప్తిని దాదాపు ప్రభావితం చేయలేదు. ఎవరికి వారు ఎలాంటివారన్నదే లెక్కలోకి వచ్చింది. గణాలు కలపడం, టైపులు కలపడం రెండూ ఈ దెబ్బకు నిలవవు. ఎదుటివాళ్ల అక్షరాలు చూసి వద్దనేముందు, నా కోపం సంగతేమిటని ఎవరికి వారు అడగాల్సి ఉంటుంది.

కాబట్టి ఈ పరీక్షలు రాసేవాళ్లు ఐదు కొలతల పరీక్ష ఎంచుకుంటే మంచిది. లూయిస్ గోల్డ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన ఐపీఐపీ అనే ప్రశ్నల భాండాగారంలోని ప్రశ్నలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ముందు మీ గురించి మీరు రాయండి. తర్వాత అవే ప్రశ్నలకు మీ గురించి భార్యనో భర్తనో జవాబివ్వమనండి, అక్కనో స్నేహితుడినో కూడా అడగండి. రెండూ తేడా వచ్చిన చోట ఆగి మాట్లాడుకోండి. "నాకు కోపం తక్కువ" అని మీరు రాసినచోట ఇంట్లోవాళ్లు వేరే మార్కు వేస్తే, ఆ సంభాషణ ఏ టైపు వివరణ కన్నా ఎక్కువ పని చేస్తుంది. అత్తాకోడళ్లకైనా, వేరువేరు ఊళ్లలో ఉన్న అన్నదమ్ములకైనా ఇదే వర్తిస్తుంది.

ఇంట్లో కొట్టడం, భయపెట్టడం ఉంటే అది స్వభావాల తేడా కానే కాదు, మహిళల సహాయానికి 181 ఉంది. నిద్ర పట్టని దిగులు, బతుకు మీద విరక్తి ఉన్నవాళ్లు ఫోన్‌లో పరీక్షలు రాస్తూ కూర్చోవద్దు. మానసిక ఆరోగ్యం కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.