కామెంటరీలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బైబిల్లో వాక్యభాగం కష్టంగా ఉంటే ముందు కామెంటరీ (బైబిలును వివరించే పుస్తకం) తెరవాలి.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ముందు కామెంటరీ చదివినవాళ్లకు ఆ తర్వాత బైబిల్లో కూడా కామెంటరీయే కనిపిస్తుంది. మత్తయి 19:24 తీసుకోండి: ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కన్నా ఒంటె సూదిబెజ్జములో దూరడం సులభమని యేసు అన్న మాట. సూదిబెజ్జములో ఒంటె అనగానే ఎవరో ఒకరు అందుకుంటారు: "అది బట్టలు కుట్టే సూది కాదండీ, యెరూషలేములో ఆ పేరుతో చిన్న గుమ్మం ఉండేది, బరువు దించి మోకాళ్ల మీద ఒంటెను దూర్చేవాళ్లు." మొదటి శతాబ్దపు యెరూషలేములో అలాంటి గుమ్మం ఉందనడానికి ఆధారమేదీ దొరకలేదు. మధ్యయుగపు వ్యాఖ్యానాల్లో కనబడిన ఈ మాటను ఒకరిని చూసి ఒకరు ఎత్తి రాసుకోగా మన ప్రసంగాల దాకా వచ్చింది. దీన్ని పట్టుకోవడానికి గ్రీకు రానక్కర్లేదు, ఇంకో రెండు వచనాలు చదివితే చాలు. అలాగైతే ఎవడు రక్షణ పొందగలడని శిష్యులు ఆశ్చర్యపడ్డారు. "ఇది మనుష్యులకు అసాధ్యమే" అన్నాడు ప్రభువు. బరువు దించి వంగితే పట్టే గుమ్మమైతే అందులో అసాధ్యమేముంది?

చదివే వరుస ఇదీ. ఒక్క వచనం కాదు, మొత్తం భాగం తీసుకోవాలి. ఇక్కడైతే 19:16 నుంచి 20:16 దాకా. 20వ అధ్యాయం "ఏలాగనగా" అని మొదలవుతోందంటే ముందరి మాట ఇంకా తెగలేదన్నమాట. అధ్యాయాల అంకెలు మత్తయి వేసినవి కావు. మూడుసార్లు చదవండి, ఒకసారి పైకి. ఎవరు ఎవరితో అంటున్నారు, "గనుక", "అయితే", "ఏలాగనగా" ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ మాట తిరిగి వస్తోంది అన్నవి నోటుబుక్కులో రాయండి. మొదటివారు కడపటివారవడం 19:30లోనూ ఉంది, 20:16లోనూ ఉంది. మధ్యలో ఉన్న ద్రాక్షతోట ఉపమానం ఏ ప్రశ్నకు జవాబో అక్కడే తెలిసిపోతుంది. అర్థం కానివాటిని మూడు నాలుగు ప్రశ్నలుగా రాసుకోండి. దీనికంతా అరగంట. కామెంటరీ ఆ తర్వాత, అదీ ఆ ప్రశ్నల కోసమే, పావుగంట. ప్రశ్న లేకుండా తెరిస్తే రచయిత ఏది చెప్పినా సరే అనిపిస్తుంది, తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండదు.

"పరిశుద్ధాత్ముడు ఉండగా కామెంటరీ ఎందుకు?" అనేవాళ్లు అపొస్తలుల కార్యములు 8 చదవాలి. ఐతియొపీయుల రాణి కందాకే మంత్రి ఒకడు రథంలో కూర్చుని యెషయాను తానే చదువుతున్నాడు. వివరించడానికి సువార్తికుడు ఫిలిప్పు రథం ఎక్కేసరికి ప్రశ్న సిద్ధంగా ఉంది: ప్రవక్త చెబుతున్నది తన గురించా, వేరొకరి గురించా? ఫిలిప్పును ఆ రథం దగ్గరికి పంపింది ఆత్మే.

అపోహ: బైబిల్ యాప్‌లో ఉచితంగా ఉన్నాయంటే అవే మేలైన కామెంటరీలు.

వాస్తవం: కాపీరైటు గడువు తీరిపోయినవి గనుక ఉచితంగా పెట్టగలిగారు. వాటి రచయితల్లో మాథ్యూ హెన్రీ 1714లో చనిపోయారు, జాన్ గిల్ 1771లో, ఆడమ్ క్లార్క్ 1832లో, ఆల్బర్ట్ బార్న్స్ 1870లో. వాక్యాన్ని బతుకుకు అన్వయించడం వాళ్ల దగ్గర నేర్చుకోవలసిందే, ముఖ్యంగా హెన్రీ దగ్గర. (ఆయన సొంతంగా పూర్తి చేసింది అపొస్తలుల కార్యముల వరకే, పత్రికల (రోమా లాంటి లేఖల) భాగం ఆయన పోయాక వేరే పాస్టర్లు ముగించారు. "రోమా గురించి హెన్రీ ఏమన్నాడంటే" అనే ముందు ఇది గుర్తుంచుకోండి.) కానీ మృత సముద్రపు గ్రంథపు చుట్టలు (బైబిలు పుస్తకాల అతి పాత చేతిరాత ప్రతులు ఉన్నవి) బయటపడింది 1940ల్లో. వాటి సంగతి ఈ నలుగురికీ తెలిసే వీలే లేదు.

ఇంకో చిక్కు, వీళ్ల ముందున్నది కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు తర్జుమా. 1 యోహాను 5:7 దగ్గర పాత కామెంటరీలు పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురి (తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ) గురించి పేరాలకు పేరాలు రాస్తాయి; మన తెలుగు బైబిల్లో ఆ మాటలు ఉండవు. వెంటనే వాట్సాప్‌లో "బైబిల్లోంచి వచనం తీసేశారు" అని కలకలం. ఎవరూ తీయలేదు. ఆ మాటలు పురాతన గ్రీకు ప్రతుల్లో లేవు. ఎరాస్మస్ అనే పండితుడు అచ్చువేయించిన గ్రీకు కొత్త నిబంధన 1516, 1519 ముద్రణల్లోనూ లేవు, 1522లో చేరాయి. ఆడమ్ క్లార్కే వాటిని అసలు పాఠం కాదన్నారు. ఫార్వర్డ్ చేసేవాళ్లు అదే యాప్‌లో ఆయన పేజీ తెరిచినా సరిపోయేది.

అపోహ: కొంటే ఫుల్ సెట్టే కొనాలి, లేదంటే మొత్తం బైబిలుకు ఒకే పుస్తకం.

వాస్తవం: బైబిల్లో 1,189 అధ్యాయాలు. 1,500 పేజీల పుస్తకంలో అధ్యాయానికి దక్కేది పేజీంపావు. బైబిల్లోని ఒక్కో పుస్తకం ఎవరు, ఎవరికి, ఎందుకు రాశారో తెలుసుకోవడానికి అది చాలు, వచనం దగ్గర చాలదు. ఈ ఏడాది చదవబోయే ఒక్క పుస్తకానికి రెండు కొనండి: వచనం వెంట వచనం వివరించేది ఒకటి, అన్వయింపు చెప్పేది ఒకటి. కొనేముందు ఏ సంవత్సరానిదో, ఏ తర్జుమా మీద రాశారో, రచయిత ఏ సంఘశాఖవారో చూడండి. తర్వాత కష్టమైన వచనం తెరవండి. ఎదుటివాళ్ల అభిప్రాయం కూడా చెప్పి, తనది ఎందుకు మేలో కారణం చూపిస్తే కొనండి. ఆ వచనాన్నే దాటేస్తే తిరిగి అరలో పెట్టేయండి.

అపోహ: ఇద్దరు వ్యాఖ్యాతలు వేరుగా చెప్పారంటే ఒకరిది దుర్బోధ.

వాస్తవం: దీనికి బలయ్యేది భయస్థులు. తప్పిపోయినవారిని మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమనే హెబ్రీ 6:4-6 చదివి, "నా రక్షణ పోయిందా?" అని నిద్రపట్టక రెండు కామెంటరీలు తెరుస్తారు. బాప్టిస్టు గిల్, అక్కడ చెప్పినవాళ్లు నిజంగా తిరిగి జన్మించినవాళ్లు కారంటారు. మెథడిస్టు క్లార్క్, నిజమైన విశ్వాసులే పడిపోగలరంటారు. ఇద్దరూ తమ తమ సిద్ధాంతపు వైపు నుంచే మాట్లాడుతున్నారు, వాళ్ల శాఖలు తెలిస్తే ఈ తేడా ముందే ఊహించవచ్చు. భయంతో ఉన్నవాళ్లు వాళ్ల వాదన కాసేపు పక్కన పెట్టి, 5:11 దగ్గర మొదలుపెట్టి 6:12 దాకా ఒక్క బిగిన చదవాలి. 9వ వచనంలో రచయిత తన పాఠకులను "ప్రియులారా" అని పిలిచి, మీరు ఇంతకంటె మంచి స్థితిలోనే ఉన్నారని రూఢిగా నమ్ముతున్నామంటున్నాడు.