విప్పిన చీరలు, ఇరవై ఆరు అక్షరాలు

ఒక తండ్రి అడిగారు: "తలసీమియా ఉన్న మా అబ్బాయికి వాళ్ల అక్క మూలుగ ఇచ్చింది. హెచ్‌ఎల్‌ఏ అనే కణాల గుర్తింపు ప్రొటీన్లు పూర్తిగా కలిశాయన్నారు. రక్తం ఎక్కించే బాధ తప్పింది. కానీ ఏడాది తిరక్కుండానే నోరు పూసింది, కళ్లు ఎండిపోయాయి, చర్మం బిరుసెక్కింది. సొంత అక్క కణాలే కదండీ, ఎందుకిలా?"

డాక్టర్లు దీన్ని దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ అంటారు. దాత కణాలు కొత్త ఒంటిని పరాయిదనుకుని దాడి చేయడం అన్నమాట. హెచ్‌ఎల్‌ఏ కలిసినా తమ్ముడిలో వై క్రోమోజోమ్ ఉంటుంది. అది తయారుచేసే ప్రొటీన్లను అక్క కణాలు ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్ల మూలుగ మగవాళ్లకు ఎక్కించినప్పుడు ఈ జబ్బు ముప్పు ఎక్కువ. అలాంటి రోగుల్లో వై ప్రొటీన్లకు ఎదురు తిరిగే యాంటీబాడీలు కూడా దొరికాయి.

యాంటీబాడీలు చేసేవి బి కణాలు అనే తెల్ల రక్తకణాలు. పూర్తిగా ఎదిగి ప్లాస్మా కణమైతే ఒక్కొక్కటీ సెకనుకు వేలల్లో వదులుతుంది. నాలుగు ప్రొటీన్ గొలుసులను సరిగ్గా మడిచి, జత చేస్తేనే ఒక యాంటీబాడీ. ఈ మడత జరిగేది అంతర్జీవ ద్రవ్యజాలంలో. బడిలో దీన్ని 'కణంలో రవాణా వ్యవస్థ' అని ఒక్క మార్కు కోసం బట్టీ పట్టించారు. అసలు సంగతి ఈ మడతలోనే ఉందని ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

పెళ్లిళ్ల సీజన్లో చీరల కొట్టు గుర్తు చేసుకోండి. పరుపు మీద విప్పిన చీరలు గుట్టగా పడుతుంటాయి. మడతపెట్టే కుర్రాళ్లు ఇద్దరే. ప్లాస్మా కణంలో రోజూ ఇదే పరిస్థితి. కణానికి టెన్షన్ అంటే ఇదే: మడత పడని ప్రొటీన్ల గుట్ట. గుట్ట పెరిగితే ఓనరు మనుషుల్ని పిలుస్తాడు, పరుపు వెడల్పు చేస్తాడు. కణంలో గుట్టను కనిపెట్టే ప్రొటీన్ ఐఆర్‌ఈ-1. ఈస్ట్ కణాల్లో దీని పని బయటపెట్టిన పీటర్ వాల్టర్, కజుతోషి మోరిలకు 2014లో లాస్కర్ అవార్డు వచ్చింది.

అది పిలిచే తీరే నన్ను కట్టిపడేస్తుంది. ఎక్స్‌బీపీ-1 అనే జన్యువు నకలు ఒకటి కణంలో సిద్ధంగా ఉంటుంది. ఐఆర్‌ఈ-1 అందులోంచి సరిగ్గా 26 అక్షరాలు కత్తిరిస్తుంది, మరో ఎంజైమ్ కొసలు అతుకుతుంది. జన్యు అక్షరాలను మూడేసి చొప్పున చదవాలి. 26ని మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. ఆ రెండులోనే ఉంది కిటుకు. 'తలుపు కసప డవన డక' అని చదివితే తలుపు దగ్గరే ఆగిపోతాం. 'కస' తీసేయండి: తలుపు, పడవ, నడక! అలాగే కత్తిరింపు తర్వాత వచ్చేదంతా కొత్త ప్రొటీన్. అది కేంద్రకంలోకి వెళ్లి మడతపెట్టే ప్రొటీన్లను పెంచే జన్యువులను మేల్కొలుపుతుంది, ద్రవ్యజాలాన్ని విస్తరిస్తుంది. ఇది లేని బి కణం సరైన ప్లాస్మా కణం కాలేదు.

మరి ఆ కత్తెరను ఆపితే? 2018లో దక్షిణ కరోలినా వైద్య విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల్లో చూశారు. దాత బి కణాల్లో ఎక్స్‌బీపీ-1 లేకపోయినా, బి-ఐ09 అనే మందుతో కత్తెరను ఆపినా దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ తగ్గింది. లుకేమియా (రక్త క్యాన్సర్) మీద దాత కణాల దాడి మాత్రం తగ్గలేదు. లుకేమియా రోగికి అది ప్రాణాధారం, ఎందుకంటే మిగిలిన క్యాన్సర్ కణాలను ఏరేసేది ఆ దాడే.

ఇది ఎలుకల్లో జరిగిన పని. పిల్లాడికి ఇప్పుడు ఇస్తున్న మందులు వేరు, వాటిని ఆపకూడదు. చర్మం మీద మచ్చలు చూసి దిష్టి అని, అమ్మవారని, ఆకు పసర్లు తాగించేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. రోగనిరోధక శక్తిని అణిచే మందుల మీద ఉన్న పిల్లాడికి పసరుతో వచ్చే ఇన్ఫెక్షన్ చాలా ప్రమాదం.

ఆ తండ్రికి ఇంకో మాట చెప్పాను. లుకేమియా రోగికి దాత కణాల కోపం కొంత మేలు చేస్తుంది. తలసీమియా పిల్లాడికి ఆ కోపంతో పనే లేదు. అక్క ఇచ్చిన మూలుగ నిలిస్తే చాలు. అందుకే డాక్టర్లు అతని విషయంలో జీవీహెచ్‌డీని అణిచి ఉంచాలనే చూస్తారు. నోరు మానేదాకా కారం లేని పెరుగన్నమే పెట్టండి.