మీటరులో ఒక మిణుకు, బావిలో ఒక బొక్కెన

నెల్లూరు జిల్లా కోవూరు ప్రాంతపు పాఠకులొకరు ఈ మధ్య ఒక ప్రశ్న అడిగారు. "కృష్ణపట్నం దగ్గర బొగ్గు కాల్చి కరెంటు తీస్తున్నారు. బూడిద మన జిల్లాకు, బిల్లు మాత్రం విజయవాడవారితో సమానం. పక్కనే తయారయ్యే సరుకు మనకెందుకు చౌకగా రాదు?" ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ సరుకు ఎంత పెద్దదో కొలిచి చూడకుండా ధర న్యాయమా, అన్యాయమా అని వాదించుకోవడంలో అర్థం లేదు. కనుక ముందుగా మీ ఇంటి మీటరు దగ్గరకు వెళ్దాం.

ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది. పక్కనే, యూనిట్‌కు అది ఎన్నిసార్లు మిణుకుతుందో ముద్రించి ఉంటుంది. అది చాలా మీటర్లలో 3200. మీ మీటరు మీద వేరే సంఖ్య ఉంటే లెక్కలో దానినే వాడుకోవాలి. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. దానిని 3200తో భాగిస్తే ఒక్క మిణుకుకు 1125 జౌళ్లు వస్తాయి. జౌలు అంటే ఏమిటో మన పాఠ్యపుస్తకాలు నిర్వచనం చెప్పి వదిలేస్తాయి. పిల్లలు దానిని పరీక్షలో రాసి మరచిపోతారు. 1125 జౌళ్లంటే, ఆరు నిలువుల లోతు, అంటే సుమారు పది మీటర్ల లోతున్న బావిలో నుండి పదకొండున్నర లీటర్ల బొక్కెనను గిలక మీదుగా ఒకసారి పైకి లాగడానికి పట్టే పని. మీటరు ఒకసారి మిణికితే ఎవరో మీ కోసం ఒక బొక్కెన నీరు తోడినట్లు. యూనిట్ పూర్తయ్యేసరికి 3200 బొక్కెనలు. మా అమ్మమ్మ జీవితంలో ఏ ఒక్కరోజూ అన్ని తోడి ఉండదు.

ఈ లెక్కతో ఇంట్లో ప్రతి పరికరాన్నీ తూచవచ్చు. మిగతావన్నీ ఆపి, ఒక్క ఫ్యాను వేసి, రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు పడుతోందో చూడాలి. 1125ను ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. పాతకాలపు 75 వాట్ల ఫ్యానుకు 15 సెకన్లు, కొత్తగా వస్తున్న 28 వాట్ల ఫ్యానుకు 40 సెకన్లు పడుతుంది. ఒకటిన్నర కిలోవాట్ల ఏసీ నడుస్తుంటే మూడు సెకన్లలో నాలుగు మిణుకులు. ఫ్యాన్లు, దీపాలు అన్నీ ఆపినా మీటరు తిరుగుతోందని, దానికి ఏదో పట్టిందని భయపడేవారున్నారు. మీటరు కింద నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన ఇళ్లు నేను చూశాను. గోడకు గుచ్చిన ఛార్జరు, రిమోటుతో మాత్రమే ఆపిన టీవీ, సెట్‌టాప్ బాక్సు కలిసి 5 వాట్లు తాగితే 3 నిమిషాల 45 సెకన్లకు ఒక మిణుకు వస్తుంది, నెలకు 3.6 యూనిట్లవుతుంది. నిమ్మకాయకన్నా ప్లగ్గు పీకడం చౌక.

ఇప్పుడు అదే బొక్కెనను కృష్ణపట్నం దాకా తీసుకువెళ్దాం. ముత్తుకూరు మండలం నేలటూరు వద్ద ఉన్న శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల సామర్థ్యంగల యూనిట్లు మూడున్నాయి. (ఈ యూనిట్ అంటే యంత్రం, బిల్లులో యూనిట్ వేరు. ఒకే మాటను రెంటికీ వాడి మనం విద్యార్థులను చాలా ఇబ్బంది పెడుతున్నాం.) ఒక్క యంత్రం నిండు భారంతో నడిచినప్పుడు సెకనుకు 7 లక్షల 11 వేల మిణుకులకు సరిపడే శక్తిని ఇస్తుంది. అన్ని బొక్కెనల నీటిని క్యూసెక్కుల్లోకి మార్చితే 2 లక్షల 88 వేలు. పెన్నకు వరద వచ్చినప్పుడు సోమశిల గేట్ల గురించి వార్తల్లో ఇలాంటి అంకెలు వింటుంటాం. అంతటి వరదను ఎడతెగకుండా పది మీటర్లు పైకెత్తగల సామర్థ్యం ఆ ఒక్క యంత్రానిది.

దానికి ఆహారం బొగ్గు. అక్కడి బాయిలర్లు సూపర్‌క్రిటికల్ రకానికి చెందినవి. నీటిని 374 డిగ్రీల సెల్సియస్‌ను, వాతావరణ పీడనానికి సుమారు 218 రెట్లను దాటించి తీసుకువెళ్తే అది మరగదు. నీరు, ఆవిరి అనే భేదమే చెరిగిపోయి ఒకే ప్రవాహంగా టర్బైనుకు చేరుతుంది. ఉష్ణోగ్రత ఎంత పెరిగితే వేడిలో అంత పెద్ద భాగం పనిగా మారుతుంది. ఇంత చేసినా బొగ్గులోని శక్తిలో అయిదింట రెండు వంతులే తీగలోకి వస్తాయి. మిగిలిన మూడు వంతులు పొగగొట్టం గుండా, చల్లబరిచే నీటి గుండా పోతాయి. ఇది ఇంజినీర్ల అసమర్థత కాదు, చాలావరకు ఉష్ణగతిక శాస్త్రం విధించిన పన్ను. సగటు దేశీయ బొగ్గుతో లెక్క కడితే యూనిట్‌కు సుమారు 600 గ్రాములు పడుతుంది. మిణుకుకు గ్రాములో ఐదో వంతు, అంటే పది మొలగొలుకుల బియ్యపు గింజల బరువు. ఒక బొక్కెనకు అంతే.

జలవిద్యుత్తులో ఇదే బొక్కెన తలకిందులవుతుంది. శ్రీశైలంలోనైనా, సోమశిలలోనైనా పదకొండున్నర లీటర్ల నీరు పది మీటర్లు కిందికి దిగితే, యంత్రాల నష్టం పోను, ఒక మిణుకుకు కొంచెం తక్కువ వస్తుంది. అక్కడ బొగ్గు ఖర్చు లేదు, కానీ వాన మన చేతిలో లేదు. సౌరవిద్యుత్తుకు ఆ రెండూ అక్కరలేదు గాని, సూర్యుడు దిగగానే అది ఆగిపోతుంది. పొలాలకు తొమ్మిది గంటల సరఫరాను పగటిపూట ఇవ్వడానికి మొగ్గు చూపడంలో రైతు రాత్రి నిద్రతోపాటు ఈ లెక్కకు కూడా చోటుంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. భౌతికంగా చూస్తే కోవూరు పాఠకుల అనుమానం సరైనదే: విద్యుత్తు దగ్గర దారినే ఎక్కువగా పడుతుంది కాబట్టి, వారి ఫ్యానును తిప్పేది చాలావరకు నేలటూరు బొగ్గే. కానీ ధర ఆ దారిన నడవదు. నెల్లూరుకు సరఫరా చేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కేంద్ర కార్యాలయం తిరుపతిలో ఉంది. పొరుగున ఉన్న ప్రకాశం జిల్లా మాత్రం మధ్య ప్రాంత సంస్థ కిందికి పోయింది; 2019లో ఏర్పడిన ఆ సంస్థ కార్యాలయం విజయవాడలో ఉంది. సంస్థలు వేరైనా, బొగ్గు, నీరు, గాలి, ఎండల నుండి వచ్చిన కరెంటు ఖర్చునంతా కలిపి, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి రాష్ట్రమంతటికీ ఒకే ధరల పట్టిక వేస్తుంది. ఇందులో మనకు నష్టమే అనుకోవడానికి లేదు. కృష్ణపట్నానికి ఓడల మీద వచ్చే బొగ్గు ఖర్చును నెల్లూరు ఒక్కటే మోయనవసరం లేకపోవడం కూడా ఈ పద్ధతి వల్లనే.

పట్టికలో దూరానికి ధర లేదు గాని, వాడకానికి ఉంది. 2022–23 ఆర్థిక సంవత్సరానికి నిర్ణయించిన గృహ ధరలలో మొదటి 30 యూనిట్లకు రూ. 1.90 చొప్పున, 400 దాటిన తరువాత రూ. 9.75 చొప్పున ఉంది. మిణుకుల్లో చెబితే మొదటి అంచెలో పైసాకు దాదాపు 17 బొక్కెనలు, చివరి అంచెలో మూడే. శ్లాబు ఒక్క యూనిట్ దాటితే బిల్లు మొత్తం పై ధరకు మారిపోతుందనే భయం బలంగా ఉంది. వాడకాన్ని బట్టి వినియోగదారులను వేర్వేరు వర్గాలుగా విడదీసిన పాత పద్ధతి దానికి కొంత కారణం. ఈ పట్టికలో అలా జరగదు: 125 యూనిట్లకు వాడకపు ఛార్జీ 417 రూపాయలు, 126కు 423. స్థిర ఛార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు (కరెంటు ఖర్చు అంచనాను మించితే తరువాత వసూలు చేసేది) దీనికి అదనం. తగాదాలన్నీ ఆ చివరి పద్దు గురించే వస్తుంటాయి.

దూరం నిజంగా లెక్కకు వచ్చేది నిలువుగా, భూమిలోకి. వంద బొక్కెనల పని పెడితే మోటారు నలభై బొక్కెనల నీరు తోడుతుందనుకుందాం. ఎకరానికి అంగుళం నీరు నిలపాలంటే లక్షా మూడు వేల లీటర్లు కావాలి. పెన్న ఆనకట్ట కింద నీరు పది మీటర్లలోపే అందే చోట అందుకు 7 యూనిట్లు చాలు. ప్రకాశం జిల్లా మెట్ట పొలంలో వంద మీటర్ల బోరుకు 70 యూనిట్లు పడతాయి. రెండు చోట్లా రైతుకు అది ఉచితమే. రాయితీ ఇవ్వదలచిన ప్రభుత్వం ఆ సొమ్మును ముందుగానే పంపిణీ సంస్థకు చెల్లించాలని 2003 నాటి విద్యుత్ చట్టం 65వ సెక్షను చెబుతుంది. చెల్లించాలంటే ఎన్ని యూనిట్లో తెలియాలి. పొలాల్లో అనేక మోటార్లకు చాలాకాలం మీటరే లేదు, మిణుకే ఎర్రదీపమూ లేదు; కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర పెట్టిన మీటర్లను నమూనాగా తీసుకుని, మిగిలిన వాటి వాడకాన్ని అంచనా కట్టుకుంటూ వచ్చారు.