బీకరు చల్లబడితే వేడి ఎటు పోయినట్లు?

ఇంటర్మీడియట్ పిల్లలకు ఉష్ణరసాయన శాస్త్రం మొదలుపెట్టే రోజున ఏటా ఒకే పని చేస్తాను. బీకరులో 100 గ్రాముల నీళ్లు పోసి, 10 గ్రాముల యూరియా వేసి కలిపి చేతికిస్తాను. చూస్తుండగానే నీళ్ల ఉష్ణోగ్రత సుమారు అయిదు డిగ్రీలు తగ్గుతుంది. పొలంలో పిచికారీకి యూరియా కలిపిన పిల్లలకు ఇది తెలిసిందే. అయినా ఇది ఉష్ణమోచకమా (వేడిని వదిలేదా), ఉష్ణగ్రాహకమా (వేడిని తీసుకునేదా) అని అడగగానే తరగతి రెండుగా చీలిపోతుంది.

అపోహ: బీకరు చల్లబడింది కాబట్టి వేడి బయటికి పోయింది.

వాస్తవం: పోలేదు, యూరియా తీసుకుంది. ఇక్కడ మన వ్యవస్థ, అంటే మనం లెక్కకు తీసుకున్న భాగం, యూరియా కరగడం. మిగతావన్నీ, అంటే నీళ్లు, బీకరు, థర్మామీటరు, పట్టుకున్న చెయ్యి, పరిసరాలు. థర్మామీటరు చెప్పేది పరిసరాల సంగతే. ఒక మోలు (సుమారు 60 గ్రాముల) యూరియా కరగడానికి సుమారు 15 కిలోజౌళ్లు కావాలి. నీళ్లు పోగొట్టుకున్న వేడి వ్యవస్థకు చేరింది కనుక దాని గుర్తు ధనం (+).

"నీళ్లు కూడా ద్రావణంలో భాగమే కదా సార్?" అని ఎవరో ఒకరు తప్పక అడ్డుపడతారు. ఆ ప్రశ్న వచ్చిన రోజు నాకు పండగే. సరే, ద్రావణమంతటినీ వ్యవస్థ అనుకుందాం. కరిగే ఆ కాసేపట్లో బయటి నుంచి వచ్చిన వేడి దాదాపు సున్నా. అణువుల కదలికలోని శక్తినే ఖర్చు పెట్టి ద్రావణం తాను చల్లబడింది. తర్వాత గది నుంచి మెల్లగా వేడి అందుతుంది. పాత ఉష్ణోగ్రతకు చేరేసరికి లోపలికి వచ్చింది సుమారు 2.5 కిలోజౌళ్లు. 10 గ్రాములు మోలులో ఆరో వంతు కనుక మొదటి పద్ధతిలోనూ ఇదే అంకె. సగం లెక్క ఒక సరిహద్దుతో, మిగతా సగం మరో సరిహద్దుతో చేస్తేనే తప్పు వస్తుంది.

అపోహ: వ్యవస్థకు, పరిసరాలకు మధ్య సరిహద్దు అంటే పాత్ర గోడ.

వాస్తవం: దాన్ని గీసుకునేది మనం. ఆవిరి బయటికి పోనంతసేపు ప్రెషర్ కుక్కర్ సంవృత (పదార్థం లోపలికీ బయటికీ పోని) వ్యవస్థ, విజిల్ వేస్తున్నప్పుడు వివృత (పదార్థం బయటికి పోయే) వ్యవస్థ. గోడ మాత్రం అదే.

అపోహ: ఉష్ణగ్రాహక చర్యకు పొయ్యి తప్పనిసరి.

వాస్తవం: యూరియా ఏ మంటా లేకుండానే కరిగింది. ఎంట్రోపీ, అంటే అణువుల చెల్లాచెదురుతనం, పెరగడమే దాన్ని ముందుకు నడిపింది.

అపోహ: శక్తి లెక్కలో పనికి (work) వేసే ధన, రుణ గుర్తు విషయంలో ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాలలో ఏదో ఒకటి తప్పు.

వాస్తవం: రెండూ ఒప్పే. ఫిజిక్స్‌లో వ్యవస్థ చేసిన పని ధనం, కెమిస్ట్రీలో వ్యవస్థ మీద జరిగిన పని ధనం. ఒకే లెక్కలో రెండూ కలిపి మార్కులు పోగొట్టుకున్న పిల్లల్ని చూసి బాధపడ్డాను. అందుకే లెక్కకు ముందు, పేజీ పైన, "వ్యవస్థ: ఇది. పరిసరాలు: ఇవి" అని రాయిస్తున్నాను.