తెల్ల ప్యాడ్ నీళ్లు తాగదు: ఒలికిన ద్రవాలు ఎత్తే గుడ్డల మీద అపోహలు – వాస్తవాలు

అపోహ: పీల్చే ప్యాడ్‌లన్నీ ఒకటే. ఏది చేతికి దొరికితే అది వేసేయొచ్చు.

వాస్తవం: ఒక తెల్ల ప్యాడ్, ఒక బూడిద రంగు ప్యాడ్ పక్కపక్కన పరిచి రెండింటి మీదా చెంచాడు నీళ్లు పోసి చూడండి. బూడిద రంగుదాంట్లో ఇట్టే ఇంకిపోతాయి. తెల్లదాని మీద తామరాకు మీద బొట్టుల్లా అటూ ఇటూ దొర్లుతాయి. రెండింటి ముడిసరుకూ ఒకటే, పాలీప్రొపిలీన్. కరిగించిన ప్లాస్టిక్‌ను వేడిగాలితో చిమ్మి, కొన్ని మైక్రాన్ల మందం ఉండే పోగులుగా పరుస్తారు. దాన్నే మెల్ట్‌బ్లోన్ గుడ్డ అంటారు. ఆ పోగుకు నూనె ఇష్టం, నీళ్లు పడవు. అందుకే తెల్లది 'ఆయిల్ ఓన్లీ'. అదే పోగుకు సర్ఫ్యాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) పట్టిస్తే నీళ్లు కూడా ఇంకుతాయి. అది బూడిద రంగు 'యూనివర్సల్'. పసుపుది రసాయనాలకు.

ఈ రంగులు వాడుకలో స్థిరపడినవే. కంపెనీ మారితే రంగు కూడా మారొచ్చు. లేబుల్ చిరిగిపోయిన ప్యాడ్ చేతికొస్తే ఆ చెంచాడు నీళ్లే దిక్కు.

ఎక్కువగా పొరపాటు జరిగేది మెషిన్ షాపు కూలెంట్ (లోహం కోసేటప్పుడు చల్లబరచడానికి పోసే ద్రవం) దగ్గర. 'ఆయిలే కదా' అని తెల్లది వేస్తారు. నీళ్లలో కలిసే కూలెంట్‌లో అధికభాగం నీళ్లే, పైగా నూనెను నీళ్లలో కలిపి ఉంచే ఎమల్సిఫైయర్ ఉంటుంది. దానికి బూడిద రంగుదే కావాలి. అదే కూలెంట్ ట్యాంకులో పైన తేలే ట్రాంప్ ఆయిల్ (యంత్రం నుంచి కారి అందులో చేరిన నూనె) తీయాలంటే మాత్రం తెల్లదే సరి. వాన పడుతున్నప్పుడు ఆరుబయట డీజిల్ ఒలికితే కథ తిరగబడుతుంది. యూనివర్సల్ ప్యాడ్ ముందు వాన నీళ్లతోనే నిండిపోతుంది, డీజిల్‌కు చోటుండదు. ఇంకొకటి: నూనె మీద సబ్బునీళ్లు చల్లి ఆ తర్వాత తెల్ల ప్యాడ్ వేయకండి. సబ్బు తగిలితే ఆ పోగు నీళ్లను ఆపలేదు.

అపోహ: ఎన్ని ఎక్కువ ప్యాడ్‌లు వేస్తే అంత త్వరగా పని అవుతుంది.

వాస్తవం: లీటరు నూనె ఒక మిల్లీమీటరు మందాన పరుచుకుంటే ఒక చదరపు మీటరు నేల కప్పేస్తుంది. 40 × 50 సెం.మీ. ప్యాడ్ విస్తీర్ణం 0.2 చదరపు మీటర్లు. కంటికి తడి కనిపించినంత మేరా పరిస్తే ఐదు పడతాయి. మందపాటి ప్యాడ్ ఒక్కటే దాదాపు లీటరు పట్టగలదు. అంటే ఐదింటినీ సుమారు ఐదో వంతు నిండగానే చెత్తలో పడేస్తున్నారన్నమాట, ఆ చెత్త పారవేతకూ డబ్బు పోస్తూ. రబ్బరు వైపర్‌తో ద్రవాన్ని మధ్యకు లాగి మడుగు చేయండి, ఒక ప్యాడ్ వేసి ఆగండి, తిరగేయండి, రెండు వైపులా రంగు మారాక తీయండి. మొత్తం నిండేదాకా ఉంచకండి. ప్యాకెట్ మీద రాసిన సామర్థ్యం ప్రయోగశాలలో నానబెట్టి, కాసేపు వేలాడదీసి, తూచి చెప్పిన లెక్క. అంత నిండిన ప్యాడ్‌ను ఎత్తి నడిస్తే దారంతా చుక్కలే.

గేర్ ఆయిల్ లాంటి చిక్కటివాటికి ఈ సన్నపోగులు సరిగా పనిచేయవు, పైపైనే ఉండిపోతుంది. ముందు పారతో గీకి తీసి, మిగిలిన పొరకే ప్యాడ్ వాడాలి.

అపోహ: ఒలికిన చోట నడిమధ్యన ప్యాడ్ పడేస్తే ఒలుకు ఆగుతుంది.

వాస్తవం: ఆపేది సాక్ (పీల్చే సరుకు నింపిన పొడవాటి గొట్టంలాంటి సంచి), ఎత్తేది ప్యాడ్. ముందు చేతి తొడుగులు, కళ్లద్దాలు. తర్వాత కారడం ఆపాలి: వాల్వ్ కట్టేయాలి, పడిపోయిన డ్రమ్మును నిలబెట్టాలి. ఆ తర్వాత సాక్‌లు, డ్రెయిన్ ఉన్న వైపు మొదట. రెండు మీటర్ల వ్యాసం ఉన్న మడుగు చుట్టుకొలత 6.3 మీటర్లు. 1.2 మీటర్ల సాక్‌లు, ఒక్కో అతుకు దగ్గర జానెడులో సగం ఒకదానిపై ఒకటి ఎక్కించాలి కాబట్టి, ఆరు కావాలి. కొసలు కేవలం ఆనించి వదిలేస్తే ద్రవం వెతుక్కునేది ఆ సందునే. నేల గరుకుగా ఉంటే పాదంతో నొక్కి కూర్చోబెట్టాలి. ప్యాడ్‌లు అంచుల నుంచి లోపలికి వేయాలి.

డ్రెయిన్ జాలీ మీద ప్యాడ్ కప్పితే మూసినట్టు కాదు. నిండగానే కిందికి కారుతుంది. దానికి అంటుకుని మూసే పాలీయురేథేన్ కవర్ వేరే ఉంటుంది.

అపోహ: గుడ్డ పీల్చేసుకుందంటే ప్రమాదం తీరినట్టే.

వాస్తవం: ప్యాడ్ ద్రవాన్ని పట్టి ఉంచుతుంది, మార్చదు. యాసిడ్ యాసిడ్‌గానే ఉంటుంది. పెట్రోల్ పీల్చిన ప్యాడ్ ఆవిరి వదులుతూనే ఉంటుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. యాసిడ్ ప్యాడ్, బ్లీచ్ ప్యాడ్ ఒకే సంచిలో వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

అన్నిటికన్నా మోసం చేసేది అవిసె నూనె పట్టిన నూలు గుడ్డ. ఆ నూనె గాలితో కలిసి ఆరుతూ వేడి పుట్టిస్తుంది. ఉండచుట్టి మూలన పడేస్తే వేడి లోపలే పేరుకుని, ఏ నిప్పురవ్వా లేకుండానే అంటుకుంటుంది. మూత ఉన్న లోహపు డబ్బాలో వేయండి, లేదా ఆరుబయట ఒంటి పొరగా పరిచి ఆరనివ్వండి.

అపోహ: రంపపు పొట్టు, ఇసుక, పాతగుడ్డ ఉంటే దేనికైనా చాలు.

వాస్తవం: నైట్రిక్ యాసిడ్ మీద రంపపు పొట్టు, నూలు వేస్తే వేడెక్కి మంట రావచ్చు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ మీద ఇసుక వేస్తే విషవాయువు పుడుతుంది. పసుపు ప్యాడ్ కూడా సర్వరోగ నివారిణి కాదు. గాఢ నైట్రిక్, ఫ్యూమింగ్ (పొగలు కక్కే) సల్ఫ్యూరిక్ యాసిడ్‌లకు తయారీదారు పట్టిక చూడకుండా వాడకూడదు. ఒలికితే ఏం చేయాలో ఆ రసాయనం సేఫ్టీ డేటా షీట్ 6వ విభాగంలో, పారవేత 13వ విభాగంలో ఉంటుంది. ఒలికాక వెతుక్కునే కాగితం కాదది.

అపోహ: పిండేసి మళ్లీ వాడుకోవచ్చు.

వాస్తవం: ఆయిల్ ఓన్లీ ప్యాడ్‌ను కొన్నిసార్లు పిండవచ్చు. పోగులు అణిగిపోతాయి కాబట్టి ప్రతిసారీ పట్టేది తగ్గుతుంది. ఇంధనం, రసాయనం పీల్చినదాన్ని పిండొద్దు.

అపోహ: మూసిన ప్యాకెట్ ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది.

వాస్తవం: నీడలో ఉంటే చాలా ఏళ్లు ఉంటుంది. ఎండలో పెడితే అతినీలలోహిత కిరణాలకు పాలీప్రొపిలీన్ పెళుసెక్కుతుంది. ఆరుబయట ఉంచిన ప్యాడ్‌ల కిట్‌లో పైన ఉన్న ప్యాడ్‌ను మడిచి విప్పండి. మడత దగ్గర పొడి రాలితే ఆ ప్యాకెట్ మార్చండి.