"దున్నదూడ ఎలాగూ బతకదు" అనేవాళ్లకు

పోయిన నెల ఒక కొట్టంలోకి వెళ్లాను. గుంజకు ఆనించి తోలుదూడ ఉంది. చచ్చిన దూడ తోలులో వరిగడ్డి కూరి కుట్టారు. గేదె దాన్ని నాకుతూ చేపుతోంది, రైతు పాలు పిండుకుంటున్నాడు. "దున్నదూడ కదండీ డాక్టరు గారూ, ఇరవయ్యో రోజున పోయింది. అవి ఎలాగూ బతకవు" అన్నాడు.

మన దేశం నుంచి విదేశాలకు వెళ్లే పెద్ద పశువుల మాంసం గేదెజాతిదే. ఆవు మాంసం ఎగుమతికి అనుమతి లేదు. అంటే మన దగ్గర మాంసం పశువుల రైతు వేరే ఎవరో కాదు, పాలగేదెలున్న ఈ రైతే. తోలుదూడగా మారిన ఆ దున్నదూడ రెండేళ్లు బతికుంటే ఎంత ధర పలికేదో ఆయన ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. పశువైద్యుడిగా నేను రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మాయ (ఈనాక గర్భసంచి నుంచి బయటికొచ్చే పొర) పడేదాకా దూడకు పాలు తాగించకూడదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇదే. గేదె కడుపులో ఉన్నప్పుడు దూడకు తల్లి నుంచి రోగనిరోధక శక్తి రాదు. అదంతా ఈనగానే వచ్చే తొలిపాలలో, అంటే ముర్రుపాలలోనే అందాలి. పుట్టిన మొదటి గంటల్లో దూడ పేగులు ఆ శక్తిని ఉన్నదున్నట్టు పీల్చుకుంటాయి. గంట గంటకూ ఆ గుణం తగ్గిపోతుంది, ఒక రోజు దాటితే దాదాపు ఉండదు. దూడ ముప్ఫై కిలోలుంటే మొదటి రోజు మూడు లీటర్లు పట్టాలి, అందులో సగం మొదటి రెండు గంటల్లోనే. పైగా దూడ చీకితే గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడటానికి అది మేలే.

అసలు సంగతి జున్ను దగ్గర ఉంది. గేదె ఈనిందనగానే చుట్టాలింటికి, పక్కింటికి, ఊళ్లో పెద్దమనిషికి చెంబులు వెళ్తాయి. పెయ్యదూడైతే దానికోసం కాస్త మిగులుతాయి. దున్నదూడకు మిగిలేది మూడో రోజు పాలు. పంచొద్దని నేననను, నాకూ జున్నంటే ఇష్టమే. ముందు దూడ తాగాక పంచండి.

అపోహ: దున్నదూడల ఆయుష్షే తక్కువ.

వాస్తవం: ఇరవయ్యో రోజున పోయిందన్న ఆ దూడ సంగతి కాస్త అడిగి చూశాను. పొట్ట బానలా ఉబ్బింది, వెంట్రుక గరుకెక్కింది, మట్టి రంగులో కంపుకొట్టే పారుడు. ఇవి ఏలికపాముల లక్షణాలు. తల్లి ఒంట్లో దాగిన పిల్ల పురుగులు పాలతోపాటు దూడలోకి వస్తాయి. కొట్టం ఎంత శుభ్రంగా ఉన్నా వస్తాయి. పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య డాక్టరు చెప్పిన మోతాదులో నట్టల మందు పట్టిస్తే చాలు. పెయ్యకైతే పట్టిస్తాం, దున్నకు ఎందుకులే అని వదిలేస్తాం. ఆయుష్షులో తేడా అక్కడొస్తోంది.

అపోహ: అమ్మే ముందు గట్టిగా మేపితే బరువు వస్తుంది.

వాస్తవం: పచ్చమేత, దాణా సరిగ్గా అందితే ముర్రా జాతి దున్న రోజుకు అర కిలో పైనే పెరుగుతుంది. అది నెలల తరబడి జరగాల్సిన పని. ఒకాయన సంతకు రెండు రోజుల ముందు, పెళ్లిలో మిగిలిన అన్నం రెండు గంపలు దున్న ముందు పోశాడు. ఆబగా తినేసింది. తెల్లారేసరికి నెమరు లేదు, లేవలేదు. నాకు ఫోను వచ్చేసరికి ఆలస్యమైంది. గడ్డికి అలవాటుపడిన పొట్టలో అంత పిండిపదార్థం ఒక్కసారిగా పడితే పులిసి ఆమ్లమైపోతుంది. దాణా పెంచాలంటే రెండు మూడు వారాల మీద కొద్దికొద్దిగా పెంచాలి. పశువు ఇలా పడిపోతే సొంత వైద్యం పెట్టుకోకుండా వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.

అపోహ: యూరియా పెడితే కండ పడుతుంది.

వాస్తవం: నీళ్లలో కలిపి తాగిస్తే చస్తుంది. వంద కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే గడ్డి మెత్తబడి బాగా అరుగుతుంది. అలా మాగిన గడ్డిని కాసేపు ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు అదీ వద్దు.

అపోహ: విత్తులు కొట్టిస్తేనే ఒళ్లు చేస్తుంది.

వాస్తవం: ఒళ్లు చేసేది కొవ్వు. కండ కావాలంటే కొట్టించని దున్నే త్వరగా పెరుగుతుంది. పొగరు తట్టుకోగలిగితే వదిలేయండి.

టీకాల మాట కూడా చెప్పాలి. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు రోగాలు రాకుండా టీకాలు వేస్తే పశువు చిక్కిపోతుందని దాచేస్తుంటారు. ఒకటి రెండు రోజులు మేత తగ్గితే తగ్గుతుందేమో, రోగం వస్తే నెలల మేపు పోతుంది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయించిన పశువునైతే మందు ఒంట్లోంచి పోవడానికి సీసా మీద రాసిన గడువు దాటేదాకా అమ్మకండి, ఆ మందు మాంసంలో మిగిలిపోతుంది.

దూడగా ఉన్నప్పుడే బేరగాడికి వదిలించుకోవడం నష్టమే కాదు, చిక్కు కూడా. మన రెండు రాష్ట్రాల్లో 1977 నాటి చట్టం ప్రకారం ఆవులతోపాటు గేదెదూడల వధ కూడా నిషేధం. ఎదిగిన దున్నకైనా ముందు అధికారి ధ్రువపత్రం ఉండాలి.

అపోహ: బేరగాడి చూపు కాటాతో సమానం.

వాస్తవం: కాటానే, కాకపోతే ఆయన వైపు మొగ్గుతుంది. దర్జీ టేపు తీసుకోండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. కొంచెం అటూఇటూ అవుతుంది, కానీ చూపుకన్నా నయం.

మొన్న సంతలో తువాలు కింద వేళ్లతో బేరం నడుస్తోంది. "తొంభై కిలోలకు మించి మాంసం దిగదు" అంటున్నాడు బేరగాడు. రైతు టేపు తీశాడు. చుట్టుకొలత 60, పొడవు 48. ఫోన్‌లో లెక్క కడితే 262 కిలోలు వచ్చింది, అందులో సగం మాంసం అనుకున్నా 130. బేరగాడు తువాలు భుజాన వేసుకుని, "ఆ టేపు ఇటివ్వు" అంటూ మళ్లీ తనే కొలవడం మొదలుపెట్టాడు.